పన్నెండో రాయి

ఆ ఏడు ఎండాకాలం భీమానది తన అడుగును తానే బయటపెట్టుకుంది. ఉజని డ్యాంలో నీళ్లు తగ్గి, సోలాపూర్‌లో నల్లా ఆరు రోజులకొకసారి వస్తుంటే, మా నీలం నగర్ ఆడవాళ్లంతా బిందెలు ముందేసుకుని నదిని తిట్టేవారు. మా కాలేజీలో హిస్టరీ చెప్పే సారు ఒక్కడే పెండ్లి పిలుపొచ్చినవాడిలా తిరిగాడు. హిప్పర్‌వాడి అనే ఊరి దగ్గర నది ఎండిపోయి ఇసుకలోంచి రాతి కట్టడం ఒకటి తేలిందట. మొదట అందరూ స్నానాల ఘాటనుకున్నారు. తవ్విన కొద్దీ తెలిసింది, అది పడవల రేవు. ఏడు వందల ఏండ్ల కింద సరుకు దించిన రేవు.

పుణె నుంచి వచ్చిన తవ్వకాల వాళ్లకు బొమ్మలు గీసే మనిషి కావాలంటే సారు నా పేరు చెప్పాడు. సారిక బాగా గీస్తుందన్నాడు. నిజానికి నాకు బొమ్మలు రావు. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపడం వచ్చు. మా నాన్న గంగాధర్, మేం బాపు అంటాం, కుంఠా నాకా కూడలిలో ఒక కార్ఖానాకు చద్దరు దుప్పట్ల డిజైన్లు గీసిస్తాడు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన బోర్లా పడుకుని, పువ్వు రేకకు ఎన్ని గడులు, చిలుక ముక్కుకు ఎన్ని గడులు అని నేర్చుకున్నదాన్ని. తవ్వకంలోనూ అదే కాగితం. తేడా ఒకటే. బాపు ఎక్కడా లేని చిలుకను గీస్తాడు, ఇక్కడ ఉన్న రాయిని ఉన్నట్టు గీయాలి. తవ్వకానికి పెద్దయిన ఋతుజ మేడం మొదటి రోజే చెప్పింది, రాయికి పగులుంటే పగులు గీయి, అందం చేయకు అని.

సరేనన్నాను. అనేటప్పుడు అన్ని మాటలూ తేలిగ్గానే ఉంటాయి.

ఇక మా ఇంటి సంగతి. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. మా తాత పెంటప్ప నలభై ఏండ్లు ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేశాడు. ఆయన పోయిన తర్వాత మగ్గం విప్పేశారు. గుంట పూడ్చి షాబాదు బండలు పరిచారు. మిగిలింది ఒక్క రాయి. మగ్గానికి ఎదురుగోడ దగ్గర నేలలో పాతిన నల్లరాయి, నడుమెత్తుంటుంది. పడుగు నిలువు పోగుల అవతలి కొసకు తాడు కట్టి, ఆ తాడును ఈ రాయి చుట్టూ తిప్పి తెచ్చి, నేసేవాడి కుడిచేతి పక్కన బిగించేవారు. జానెడు బట్ట నేసినప్పుడల్లా ఆ తాడును కాస్త వదలాలి, మళ్లీ బిగించాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. రాయికి తాడు తిరిగేచోట లోతైన గాడి ఉంది. మనిషి మణికట్టు పట్టేంత గాడి.

ఆ గాడి మా తాత తాడుతో పడిందని మా నాయనమ్మ నర్సమ్మ నమ్మకం. నమ్మకమని కూడా అనకూడదు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలు మాట అది మా ఇంట్లో. ప్రతి శుక్రవారం ఆ గాడికి నూనెలో కలిపిన పసుపు రాసేది. మిగతా రోజుల్లో ఆ రాయికే వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వచ్చిన చుట్టాలకు నీళ్లకన్నా ముందు ఆ గాడి చూపించేది. రాయి తీసేస్తే ఆ చోట ఫ్రిజ్ పడుతుందని మా అమ్మ ఎన్నిసార్లు మెల్లగా కదిపి చూసిందో. ప్రతిసారీ జవాబు ఒక్కటే.

“మీ మామ నేసిన చద్దర్లు ఎన్ని, చెప్పు? ఒక్కటన్న ఇంట్ల ఉన్నదా? అన్నీ బజార్ల అమ్ముడువాయె. కప్పుకున్నోళ్లు కప్పుకున్నరు, చినిగినంక పారేసిన్రు. ఆయన కష్టానికి ఇంట్ల మిగిలింది గీ గాడి ఒక్కటే. దీన్ని తీసి ఫ్రిజ్ పెడ్తవా?”

అమ్మ చల్లనీళ్లకు కుండే నయమని తనకు తానే చెప్పుకునేది.

తవ్వకానికి పోయిన తొమ్మిదో రోజున రేవు పైమెట్టు మీది ఇసుక పూర్తిగా తీశారు. మెట్టు పొడవునా వరసగా నిలబడ్డ రాళ్లు బయటపడ్డాయి. నల్లరాళ్లు, నడుమెత్తు. రాయికీ రాయికీ మధ్య ఒకే ఎడం. ప్రతి రాయికీ ఒక లోతైన గాడి. మణికట్టు పట్టేంత.

ఋతుజ మేడం సంతోషంతో పసిపిల్లయిపోయింది. ఇవి పడవలు కట్టిన రాళ్లు, నీళ్లు పెరిగితే పడవ లేస్తుంది, తగ్గితే దిగుతుంది, తాడు ఊరికే ఉండదు కదా, వందల ఏండ్లు రాసుకుని రాసుకుని ఇట్లా అరిగాయి అని మరాఠీలో చెబుతూ వరస వెంట నడిచింది. నేను పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. రాళ్లు పదకొండు. నాలుగో రాయికీ ఐదో రాయికీ నడుమ రెండింతల ఎడం. ఆ ఎడం మధ్యలో మెట్టులో చదరపు గుంట ఉంది, అందులో రాయి లేదు.

“ఇక్కడిది ఎవరో ఎత్తుకుపోయారు,” అంది మేడం. “ఏ ఇంట్లోనో గడపయి ఉంటుంది.”

ఆ గుంటకు కాగితం మీద ఖాళీ గడులు వదిలాను.

తర్వాత నాలుగు రోజులు పొద్దంతా ఆ పదకొండు గాడులు గీశాను. సాయంత్రం ఇంటికి వచ్చి పన్నెండోదాని పక్కన కూర్చుని అన్నం తిన్నాను. మేడంకు చెబితే రాయి పోతుంది. నాయనమ్మకు చెబితే రాయి ఉంటుంది గానీ దానిలోంచి తాత పోతాడు. ఏది ఎక్కువ నష్టమో తేలక, ఐదో రోజు వెనక గల్లీలో సిద్ధరాములు తాత దగ్గరికి పోయాను. మా తాతకు చిన్ననాటి జతగాడు. పళ్లన్నీ ఊడినా ఎకసెక్కం ఊడలేదు. రాయి ఎక్కడిదని అడగ్గానే నా మొహం చూసి చేతిలో బీడీ ఆర్పేశాడు.

“మగ్గానికి కట్టె పాతితే ఏడాదికోపారి చెదలు తినేది. మేమిద్దరం ఇసుక కోసమని ఎడ్లబండి కట్టుకోని భీమకు వోయినం. ఒడ్డు మీద రాయి పడి ఉండె. ఊరోళ్లను అడిగితే, మాకెందుకు తీస్కపోండ్రన్నరు.”

“మరి గాడి?”

“గాడి తోనే వచ్చింది పిల్లా. గాడి ఉన్నదనే తెచ్చినం, తాడు జారదని.”

ఆ మరుసటేడు పెండ్లయి నాయనమ్మ వచ్చిందట, సిరిసిల్ల దిక్కు నుంచి. పదహారేండ్ల పిల్ల. ఇంత గాడి ఎట్లా పడిందని కళ్లింత చేసుకుని అడిగిందట. మా తాత చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరి తాడనుకున్నావు అన్నాడట.

“కొత్త పెండ్లాం ముంగట ఒక కోత కోసిండు,” అన్నాడు సిద్ధరాములు తాత. “రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట ఉండె. పిల్లలు పుట్టిన్రు. ఆమె పసుపు రాసుడు షురూ చేసింది. ఇగ ఏం చెప్తడు? నాకు ఒట్టు పెట్టిండు, నేను నోరు మూసుకున్న. నీకెవ్వరు ఒట్టు పెట్టలే. నీ ఇష్టం.”

నా ఇష్టం దాకా రానేలేదు. బీడీ కంపెనీకి సెలవున్న ఒక పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుంటే, నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని గడపలో నిలబడి ఉంది. రోజూ ఎక్కడికి పోతున్నావో నేనూ చూస్తానంది. ఎండ మండిపోతుందన్నాను. ఎండ తనకేమన్నా కొత్త చుట్టమా అంది. బస్సులో సీటు దొరకదన్నాను. మేడం ఒప్పుకోదన్నాను.

“ఏం, నదికి తాళమేసి పెట్టిందా మీ మేడం?”

బస్సులో రెండు టికెట్లు తీసుకున్నాను.

హిప్పర్‌వాడిలో దిగి, ఇసుకలో నడిచి రేవు పైమెట్టు మీదికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. నాయనమ్మకు చూపు సరిగ్గా ఆనదు. ఆమె చూసేదంతా బొటనవేలితోనే. తునికాకులో తంబాకు చిటికెడు ఎక్కువైనా ఆ వేలికి తెలిసిపోతుంది. మొదటి రాయి దగ్గర ఆగి, నేనేమీ చెప్పకముందే చేయి చాపి గాడిలో వేలు పెట్టింది. ఇటు కొస నుంచి అటు కొస దాకా నడిపింది. వేలు తీసి రెండో రాయి దగ్గరికి పోయింది. నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను. నాలుగో రాయి అయ్యాక గుంట వచ్చింది. కొంగు సర్దుకుని వంగి, గుంట అంచులు తడిమింది. జానతో నిలువు కొలిచింది, అడ్డం కొలిచింది. లేచి ఐదో రాయి దగ్గరికి పోయింది. పదకొండూ అయ్యాయి.

“నీళ్లున్నయా?” అంది.

సీసా ఇచ్చాను. తాగి, మూత గట్టిగా బిగించి నా చేతికిచ్చింది.

ఋతుజ మేడం వచ్చి, అవ్వను పిలిచినట్టు ఆజీ అని పిలిచి, మా రేవు ఎట్లా ఉందని అడిగింది. బాగుంది, పాపం ఎన్ని బరువులు మోసినయో రాళ్లు అని మరాఠీలో జవాబిచ్చి, నాయనమ్మ బస్సు వైపు నడిచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపు చెరుకు తోటలు చూసింది. ఆ ఏడు చూడ్డానికి వాటిలోనూ ఏమీ లేదు, అన్నీ ఎండిన ఆకులే.

“నీకు ఎప్పటి సంది తెలుసు?”

పది దినాలన్నాను.

“సిద్ధరాములుకు?”

మొదటి సంది అన్నాను.

“మొదటి సంది,” అని ఆ మాటను ఒకసారి నమిలింది. “సచ్చినోడు. మీ తాత నలభై ఏండ్లు నా ముంగట్నే కూసోని నేసిండు. నేను వచ్చినోళ్లకు పోయినోళ్లకు చూపిస్తుంటే, కింద తలకాయేసుకోని నేసిండు.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకుని ఆమె భుజం మీద చేయి వేశాను. నవ్వుతోంది. నవ్వుతూనే ఉంది గానీ, దిగేలోపు అదే కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

ఇంట్లో మాత్రం ఆ నవ్వు నిలవలేదు. శుక్రవారం వచ్చింది, పసుపు గిన్నె గూట్లోంచి దిగలేదు. చాట తీసుకుపోయి గడపలో కూర్చుని, వీపుకు ఏ ఆసరా లేకుండా బీడీలు చుట్టింది. సాయంత్రానికి నడుము పట్టేసినా రాయి దిక్కు జరగలేదు. బాపుకు నేనే చెప్పాను. ఆయన రాయి చుట్టూ ఒకసారి తిరిగి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అందరికన్నా నయం మా అమ్మ. ఆ వారమంతా ఫ్రిజ్ పేరెత్తలేదు. సిద్ధరాములు తాత మా గల్లీలోంచి రావడం మానేసి, చుట్టు తిరిగి పోతున్నాడని తెలిసింది.

మరుసటి శుక్రవారం పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ వేడినీళ్లు, కొబ్బరి పీచు పట్టుకుని రాయి ముందు కూర్చుంది. గాడిలో యాభై ఏండ్ల పసుపు గట్టిపడి ఉంది. పీచుతో రుద్దుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. తాతను కడిగేస్తోంది అనుకున్నాను. ఆపుదామని పక్కన కూర్చున్నాను గానీ, ఆ మొహం చూసి వేడినీళ్ల గిన్నెనే దగ్గరికి జరిపాను. నల్లటి రాయి బయటికి వచ్చేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, నా చెయ్యి పట్టుకుంది.

“ఏలు పెట్టు. ఇటు కాదు, లోపలికి, అడుగుకు.”

పెట్టాను. పెద్ద గాడి అడుగున, మధ్యలో, సన్నటి దారి ఒకటి వేలికి తగిలింది. చిటికెన వేలంత వెడల్పు. లోతేమీ లేదు, ఉన్నదంతా నునుపే. చుట్టూ రాయి గరుకుగా ఉంటే ఆ దారి ఒక్కటే అద్దంలా జారుతోంది.

“ఆ పదకొండింట్ల ఇది లేదు. అన్ని తడిమి చూసిన. వాటి లోపల అంత గరుకే. పడవ తాళ్లు లావుగుంటయి. మీ తాత తాడు గింతే ఉండె, చిటికెన ఏలంత. గంజి తాగిన తాడు, దుమ్ము పట్టిన తాడు. లోతు చేసినోళ్లు వాళ్లు. నునుపు చేసింది మీ తాత.”

నాకు అనుమానం లేకపోలేదు. నూనె పసుపు రాసి రాసి నునుపెక్కిందేమో, అప్పుడది తాతది కాదు, నాయనమ్మదే అవుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. మింగాను. అదీ నష్టమేమీ కాదనిపించింది.

“మీ మేడంను పిలువు,” అంది నాయనమ్మ.

ఋతుజ మేడం మరునాడే వచ్చింది. చెప్పులు బయట వదిలి, షాబాదు బండ మీద బోర్లా పడుకుని భూతద్దంతో గాడిలోకి చూసింది. గుంట కొలతలూ నేల దగ్గర రాయి మొదలు కొలతలూ తన పుస్తకంలో సరిచూసుకుంది. పన్నెండో రాయి ఇదేనంది. సన్న దారి సంగతి అడిగితే జాగ్రత్తగా మాట్లాడింది. ఇది తర్వాతి కాలంది, వేరే తాడుది, అంతవరకు రాస్తాను. ఎవరి తాడో రాయి చెప్పదు కదా ఆజీ, ఎవరైనా చూసినవాళ్లు చెప్పాలి, ఇంటి మనిషి కాకుండా అంది.

నాయనమ్మ నా దిక్కు తిరిగింది.

“సిద్ధరాములును పిలుచుకరా. దాక్కుంటే చెవు పట్టుకోని తీస్కరా.”

దాక్కోలేదు. వచ్చాడు గానీ గడప బయటే నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు వీధిలో. అమ్మ అందరికీ చాయ్ పోస్తోంది.

“లోపటికి రా అన్నా,” అంది నాయనమ్మ. “నలభై ఏండ్ల అబద్ధానికి నీకు చాయ్ లేదు. నిజం చెప్పు, అప్పుడు తాగు.”

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని అంతా చెప్పాడు. బండి, ఇసుక, రాయి, గాడి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా పెంటప్ప ఆ మగ్గం మీద నేశాడో, తాడు ఎంత లావుండేదో, రోజుకెన్ని గజాలు దిగేదో. కోత కోసిన ముచ్చట దగ్గర ఆగి నాయనమ్మ దిక్కు చూశాడు. “అది గూడ చెప్పు,” అంది ఆమె. చెప్పాడు. మేడం నవ్వు ఆపుకుంటూ అంతా రాసుకుంది. కింద సిద్ధరాములు తాత తెలుగులో సంతకం పెట్టాడు. అప్పటికి చాయ్ చల్లారింది. అమ్మ మళ్లీ వేడి చేసి ఇచ్చింది.

మేడం రాయిని ఇమ్మని అడగలేదు. అడగకుండా అక్కడే కూర్చోవడం అడగడమే. బాపు గొంతు సవరించుకుని, మనమే ఇస్తే మర్యాదగా ఉంటుందని మొదలుపెట్టాడు. నాయనమ్మ ఆయన్ను ముగించనివ్వలేదు.

“పడుగుల ఒక్క పోగు తెగితే ఏం చేస్తరు? మగ్గం ఆపి అతుకుతరు. నేను పెండ్లయిన సంది చేసిన పని అదే, మీ నాయిన నేస్తుంటే తెగిన పోగులు అతుకుడు. అక్కడ వరసల సందు ఉన్నది. ఏలు పెట్టి చూసి వచ్చిన. చూసినంక గూడ ఊకుంటే నేతోళ్ల ఇల్లనిపించుకుంటదా?”

రాయిని తీసే ముందు నేను గీయాలి కదా. ఆ మధ్యాహ్నం గ్రాఫ్ కాగితం పరుచుకుని కూర్చున్నాను. నాయనమ్మ పక్కన కూర్చుని పెన్సిల్ ఎటు పోతే అటు చూసింది. లోతైన గాడికి నల్లగా నీడ వేశాను. సన్న దారికి రెండు పలచటి గీతలు పడ్డాయి, అంతే.

“గింతేనా?” అంది. “ఇంకింత లోతు గియ్యరాదా? ఎవరు కొలుస్తరు?”

పెన్సిల్ ఆపాను. నేను గీస్తే నిజంగానే ఎవరూ కొలవరు. రాయి నది పాలవుతుంది, కాగితం పుణెకు పోతుంది. రెండు గడులు నల్లగా నింపితే నా సొమ్మేం పోతుంది? ఆమె నా మొహంలోకి చూస్తోంది. నేను కాగితం మీదికి చూస్తున్నాను. చివరికి ఆమే నా వేళ్ల మీద చెయ్యి వేసింది.

“వద్దులే. ఉన్నది ఉన్నట్టే గియ్యి. కోతలు మీ తాతతోనే పోనీ.”

మృగశిర కార్తె వచ్చేలోపు రాయిని దాని గుంటలో నిలబెట్టారు. కదలకుండా దిగింది. ఇంట్లో మిగిలిన గుంతను బాపు సిమెంటుతో పూడ్చాడు. ఆ చోట ఫ్రిజ్ పెట్టుకొమ్మని నాయనమ్మే అంది. అమ్మకే చేతులు రాలేదు. కొన్నాళ్లు అక్కడ ఏమీ లేకుండా వదిలేసి, ఒకరోజు ఒక పీట తెచ్చి గోడకు వేసింది, అత్త ఆనుకుని కూర్చోవడానికి.

ఆ ఏడు వానలు కసి తీర్చుకున్నట్టు కురిశాయి. శ్రావణంలో ఒకసారి చూసి వద్దామని హిప్పర్‌వాడి పోయాను. నది పైమెట్టును ముంచి పారుతోంది. రాళ్లు పన్నెండూ మోకాలెత్తు నీళ్లలో నిలబడ్డాయి. వాటిలో ఒకదానికి చేపలు పట్టేవాడి చిన్న పడవ కట్టి ఉంది, నీలం రంగు నైలాన్ తాడుతో. నాలుగో రాయి తర్వాతది.

ఇంటికి వచ్చి చెప్పాను. నాయనమ్మ బీడీ చుట్టడం ఆపింది.

“నైలాన్ తాడా? అది నిలుస్తదా రాయి మీద? జారుతది. పడవ పోతది పాపం.”

మరునాడు బాపును కార్ఖానా నుంచి తెగిన నూలు తెమ్మంది. నాలుగు రోజులు తొడ మీద పేనింది. బొటనవేలంత లావు, పది బారల పొడుగు. తవ్వి తీసిన రాళ్లకు పడవలు కట్టనివ్వకూడదు గనక, ఋతుజ మేడంకు ఫోన్ చేసి చెబితే, ఆ ముక్క తాను విననేలేదంది. నేను తాడు తీసుకుపోయి చేపలాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులా లాగి చూసి, నూలు తాడు నీళ్లలో ఏడాది కూడా ఆగదు కదా అక్కా అన్నాడు. ఆ మాటే తెచ్చి నాయనమ్మకు అప్పజెప్పాను.

“తెగినంక మళ్లొకటి తీస్కపొమ్మను,” అంది.

రెండేండ్లయింది. ఇప్పుడు పేనుతున్నది మూడో తాడు.